కోట మిగిలింది, సంత పోయింది

ఉక్రెయిన్‌లో జితోమిర్ నుంచి విన్నిత్సియాకు వెళ్లే దారిలో, హ్నిలోపియాత్ అనే చిన్న నది ఒడ్డున బెర్దిచివ్ అనే ఊరుంది. ఇప్పటి యుద్ధానికి ముందు లెక్కల ప్రకారం జనాభా సుమారు 73 వేలు. అంటే మన దగ్గర ఓ మోస్తరు మున్సిపాలిటీ అంత. 2022కు ముందు విన్నిత్సియాలో వైద్యవిద్య చదివిన మన పిల్లలకు ఈ ఊరి పేరు రోడ్డు పక్క బోర్డు మీదైనా కనిపించి ఉంటుంది. ఊళ్లోకి వచ్చేవాళ్ల కంట ముందుగా పడేది నది ఒడ్డున గుట్ట మీదున్న క్యాథలిక్ మఠం. చుట్టూ మందపాటి ప్రాకారం, మూలల్లో బురుజులు, మధ్యలో గుమ్మటంతో ఎత్తైన చర్చి. దాన్ని చూస్తే ఈ ఊరి చరిత్ర సులువుగా అర్థమైపోయినట్టే అనిపిస్తుంది: ఎవరో శత్రువుల భయంతో భక్తులు కోట కట్టుకున్నారు, ఆ కోట నీడలో ఊరు బతికింది అని. పర్యాటకుల కోసం వేసే కరపత్రాల్లో కథ దాదాపు ఇలాగే ఉంటుంది. కాగితాల్లో దొరికే సాక్ష్యం మాత్రం వేరే కథ చెబుతుంది. ఆ గోడలు దాదాపు ఏ ఆపదనుంచీ ఎవరినీ కాపాడలేదు. మఠం ఊరికి చేసిన అసలు మేలు గోడల బయట జరిగింది. అది జనాన్ని రప్పించింది. ఆ జనం సంత అయ్యారు, సంత పట్నమైంది, ఆ పట్నంలో నూటికి ఎనభై మంది యూదులు. క్యాథలిక్ సన్యాసులు వేసిన విత్తనానికి యూదు పట్నం మొలిచిందన్నమాట. ఆ పట్నాన్ని 1941లో చంపేశారు. మిగిలింది రాతి కట్టడం. అందుకే మిగిలినదాన్ని చూసి మాత్రమే ఈ ఊరి చరిత్ర రాస్తే సగానికి పైగా తప్పిపోతుంది.

మొదలు 17వ శతాబ్దంలో. అప్పుడీ ప్రాంతం పోలండ్-లిథువేనియా రాజ్యంలో ఉండేది. భూములు పెద్ద జమీందారులవి, దున్నేవాళ్లు ఉక్రెయిన్ రైతులు. రైతులది ఆర్థడాక్స్ క్రైస్తవం, దొరలలో చాలామంది క్యాథలిక్కులు. దక్షిణాన స్తెప్పీ మైదానాల మీదుగా క్రిమియా తాతార్లు దాడికి వచ్చి, మనుషులను పట్టుకుపోయి బానిసలుగా అమ్మేవారు. కీవ్ ప్రాంతానికి వొయెవోదా (గవర్నరు) హోదాలో ఉన్న యానుష్ తిష్కియేవిచ్ అలా తాతార్లకు బందీగా చిక్కాడనీ, బయటపడితే మఠం కట్టిస్తానని మొక్కుకున్నాడనీ చెబుతారు. మొక్కు సంగతి మఠం చెప్పుకునే కథే. దానపత్రం మాత్రం నిజం. 1630లో బెర్దిచివ్‌లోని తన కోటనూ కొంత భూమినీ ఆయన కార్మెలైట్ సన్యాసులకు రాసిచ్చాడు. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో ఆవిలా తెరేసా, యోహాను ఆఫ్ ది క్రాస్ ఈ సంఘంలో కఠిన నియమాల శాఖను మొదలుపెట్టారు. ఆ శాఖవాళ్లు బూట్లు వేసుకోరు కాబట్టి పాదరక్షలు లేని కార్మెలైట్లని పేరొచ్చింది. ఇదే శాఖవాళ్లు 17వ శతాబ్దంలో కేరళ తీరానికీ వచ్చారు. జూలై 16న జరిగే కర్మెల్ మాత పండుగ తెలుగు క్యాథలిక్కులకు కొత్తేమీ కాదు. బెర్దిచివ్‌లో సన్యాసులు ముందుగా కింది చర్చి కట్టారు. దానికి 1642లో ప్రతిష్ఠ జరిగింది. తిష్కియేవిచ్ తన ఇంట్లో పూజలందుకుంటున్న మరియమాత పటాన్ని కూడా వాళ్లకిచ్చాడు. రోమ్‌లో శాంతా మరియా మజ్జోరే చర్చిలో ఉన్న ప్రసిద్ధ పటానికి అది నకలు. ముదురురంగు వస్త్రం కప్పుకున్న తల్లి, ఆమె చేతిలో పుస్తకం పట్టుకున్న బాల యేసు. 1647లో కీవ్ బిషప్ స్తనిస్వావ్ జరెంబా దీన్ని మహిమ గల పటమని ప్రకటించాడు. కోటలు ఆ దేశంలో ఊరికొకటి ఉండేవి. ఈ ఊరిని మిగతా ఊళ్ల నుంచి వేరుచేసింది నకలుగా గీసిన ఆ పటమే.

మహిమను ప్రకటించిన మరుసటి ఏడాదే గోడలకు మొదటి పరీక్ష వచ్చింది. 1648లో బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ నాయకత్వంలో స్తెప్పీ సరిహద్దు యోధులైన కోసక్కులు తిరగబడ్డారు. పోలిష్ దొరలు, క్యాథలిక్ గురువులు, దొరల తరఫున పన్నులూ కౌళ్లూ వసూలు చేసే యూదులు, అందరూ వాళ్ల కోపానికి గురయ్యారు. బెర్దిచివ్ మఠం దోపిడీకి గురైంది. సన్యాసులు ల్వివ్‌కు పారిపోయారు. తిరిగొచ్చింది 1663లో. వచ్చాక ఇంకో యుద్ధం, ఈసారి కోర్టులో. దాత వారసులు భూమి తమదేనని దావా వేస్తే, వ్యాజ్యం 1717 దాకా నడిచింది. కత్తులు పదిహేనేళ్లు బయట ఉంచితే, కాగితాలు అర్ధశతాబ్దం నెత్తిన కూర్చున్నాయి. వ్యాజ్యం తేలాకే మఠం మళ్లీ పెద్దగా కట్టడానికి పూనుకుంది. పాత చర్చి మీదే పై చర్చిని 1739 నుంచి 1754 వరకు కట్టారు. వాస్తుశిల్పి యాన్ దె విత్తె సైనిక ఇంజనీరు, తరవాతి కాలంలో కామెనెత్స్-పొదిల్స్కీ కోటకు అధిపతి. అటువంటి మనిషి కట్టిన చర్చి కోటలా ఉండటంలో ఆశ్చర్యమేముంది! అయితే ఆ కోటకు అసలు సిసలు పరీక్ష 1768లో ఎదురైంది. రష్యా పెత్తనాన్నీ, దానికి తలొగ్గిన రాజునూ ఎదిరిస్తూ బార్ పట్టణంలో కొందరు పోలిష్ ప్రభువులు కూటమి కట్టారు. వాళ్లలో ఇరవై మూడేళ్ల కజిమియెష్ పువాస్కీ తన మనుషులతో ఈ మఠంలో చేరి తలుపులు బిగించాడు. రష్యా సైన్యం చుట్టుముట్టింది. రెండు వారాలకు పైగా కాచుకుని, మందుగుండూ తిండీ అడుగంటాక జూన్‌లో లొంగిపోయాడు. ఇకమీద కూటమి జోలికి పోనని మాటిచ్చి విడుదలయ్యాడు. ఆ మాట నిలబెట్టుకోలేదు, అది వేరే సంగతి. తరవాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చేరి 1779లో అక్కడే ప్రాణాలు విడిచాడు. పోలిష్ పుస్తకాల్లో బెర్దిచివ్ కోటకున్న కీర్తి చాలావరకు ఈ రెండు మూడు వారాల వల్ల వచ్చిందే. గమనిస్తే ఇదీ ఓటమే.

మఠం గెలిచిన చోటు ఇది కాదు. పై చర్చి పూర్తయిన రెండేళ్లకు, 1756 జూలై 16న, పోప్ 14వ బెనెడిక్ట్ పంపిన కిరీటాలను మరియమాత పటానికి పెట్టారు. మన దేవుళ్లకు కిరీటధారణ చేసినట్టే, క్యాథలిక్కులు కూడా మహిమ గలవని పేరొచ్చిన పటాలకు రోమ్ అనుమతితో ఇలా చేస్తారు. దీంతో పటం ఖ్యాతి చుట్టుపక్కల జిల్లాలు దాటింది. యాత్రికులు గుంపులుగా రావడం మొదలైంది. యాత్రికుడంటే తిండి తినేవాడు, గుర్రానికి గడ్డి వేసేవాడు, రాత్రికి తల దాచుకునేవాడు, వెళ్లేటప్పుడు ఇంటికేదైనా కొనుక్కుపోయేవాడు. జాతర జరిగే చోట అంగళ్లు వెలవడం ఏ దేశంలోనైనా ఒకటే. దీన్ని గుర్తించి 1765లో రాజు స్తనిస్వావ్ ఆగస్ట్ పొన్యతోవ్స్కీ ఊరికి ఏడాదికి పది సంతలు జరుపుకునే హక్కు ఇచ్చాడు. పశువులు, గుర్రాలు, తోళ్లు, ధాన్యం, బట్ట, ఇవీ సరుకులు. పొలాల నుంచి వచ్చిన పంటకూ, పడమటి దేశాల నుంచి వచ్చిన తయారీ సరుకుకూ ఇక్కడే బేరం కుదిరేది. 1793లో పోలండ్‌ను రెండోసారి పంచుకున్నప్పుడు ఈ ప్రాంతం రష్యా చేతికి వెళ్లింది. జెండా మారినా సంతలు ఆగలేదు, ఇంకా పెరిగాయి. 19వ శతాబ్దం మొదటి సగంలో బెర్దిచివ్ సంతంటే పోలిష్ దొరలు, రష్యా వర్తకులు, యూదు వ్యాపారులు తారీఖు చూసుకుని బయలుదేరే చోటు.

తారీఖు చూసుకోవడానికి పుస్తకం కావాలి. దాన్ని కూడా మఠమే ఇచ్చింది. 1758లో రాజు మూడో ఆగస్ట్ దగ్గర అనుమతి తీసుకుని కార్మెలైట్లు ముద్రణాలయం పెట్టారు. సుమారు ఎనిమిది దశాబ్దాల్లో దాదాపు 700 పుస్తకాలు అందులో అచ్చయ్యాయని అంచనా. ప్రార్థనలు, ప్రసంగాలు, పాఠ్యపుస్తకాలు ఇలా చాలా ఉన్నాయి. కానీ మఠం పేరును ఇంటింటికీ తీసుకెళ్లింది బెర్దిచివ్ క్యాలెండర్. చూడటానికి చిన్న పుస్తకం, ఏడాదికొకటి. పునీతుల పండుగలు, ఉపవాస దినాలు, చంద్రుడి కళలు, వాతావరణం గురించి జోస్యాలు, సేద్యానికి సూచనలు, ఏ ఊళ్లో ఏ తేదీన సంతో తెలిపే జాబితా. గోడ మేకుకు వేలాడే మన గంటల పంచాంగానికి వరసకు అన్నదమ్ములనుకోవచ్చు. ఒక దశలో ఏడాదికి 40 వేల ప్రతుల దాకా అచ్చు వేశారంటారు. చదువొచ్చినవాళ్లే తక్కువగా ఉన్న ఆ కాలానికి అది చిన్న సంఖ్య కాదు. ఆ చిన్న పుస్తకంలో ఒకే పుటలో పునీతుడి పండుగా సంత తేదీ పక్కపక్కన ఉండటం నాకు ఈ ఊరి చరిత్రంతటిలోకీ ముఖ్యమైన సాక్ష్యంగా తోస్తుంది. పండుగకు వచ్చినవాడు సంత చేసుకుపోతాడు, సంతకు వచ్చినవాడు పటానికి దండం పెట్టుకుపోతాడు. సన్యాసులకు ఈ రెండూ వేరుకాదని బాగా తెలుసు. తెలియకపోతే ఆ జాబితాను ప్రార్థనల మధ్య అచ్చు వేయరు.

సంతను నిలబెట్టింది యూదులు. 1765లో ఈ ఊళ్లో వాళ్లు వెయ్యి మందికి కాస్త పైన. 1861 నాటికి 46 వేలు దాటారు. రష్యా సామ్రాజ్యం మొత్తం మీద అంతకంటే పెద్ద యూదు జనాభా ఉన్న ఊళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. 1795లో జమీందారు రాద్జివిల్ ప్రభువు బట్టల వ్యాపారాన్ని ఏడుగురు యూదు వర్తకులకు గుత్తకిచ్చాడు. తరవాత వడ్డీ వ్యాపారులు బ్యాంకర్లయ్యారు. ఇక్కడి హుండీలు దూరదేశాల్లో కూడా చెల్లేవి. డబ్బొక్కటే కాదు. హసీదీ భక్తి ఉద్యమంలో మహా గురువుల్లో ఒకరైన రబ్బీ లెవీ యిత్స్‌హాక్ 1785లో ఇక్కడికి వచ్చి, 1809లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. దేవుడి ముందు నిలబడి తన ప్రజల తరఫున వాదించిన వకీలుగా ఆయన్ను యూదు జానపద కథలు చెప్పుకుంటాయి. మన దాసరులు, భాగవతులు దేవుణ్ని నిలదీసిన తీరు తెలిసినవారికి ఆ చనువు వింతగా తోచదు. ఇక్కడి యూదుల భాష యిద్దిష్. ఆధునిక యిద్దిష్ సాహిత్యానికి తాతగా పేరుపడ్డ మెందెలే మోఖెర్ స్ఫోరిమ్ 1858 నుంచి 1869 దాకా ఇక్కడే కాపురమున్నాడు. ఊరి డాబూ దరిద్రమూ చూసి, గ్లుప్స్క్ అనే కల్పిత పట్నం పేరుతో దాన్ని ఏకిపారేశాడు. ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ 1847లో ఈ దారిన వచ్చి, పక్కలకు ఒరిగిన కొయ్య ఇళ్లనూ ఎటు చూసినా యూదులే కనిపించడాన్నీ ఎగతాళి చేశాడు. తీరా 1850 మార్చి 14న, తాను ప్రేమించిన పోలిష్ దొరసాని ఎవెలీనా హాన్స్కాను పెళ్లాడింది ఇదే ఊళ్లో, సెయింట్ బార్బరా చర్చిలో. ఐదు నెలలకే పారిస్‌లో కన్నుమూశాడు. 1857 డిసెంబర్‌లో పోలిష్ కుటుంబంలో పుట్టి, తరవాత జోసెఫ్ కాన్రాడ్‌గా ఇంగ్లిష్ నవలకు పేరు తెచ్చిన రచయితకు పుట్టిన చోటు కూడా బెర్దిచివ్ ప్రాంతమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. మఠం లేకపోయినా ఊరు పెరిగేదే కదా? రోడ్లు కలిసే చోట ఉంది, చుట్టూ నల్లరేగడి, సంపన్న జమీందారులు, చౌకగా రైతుల వెట్టి. ఇన్ని ఉండగా పటానికీ క్యాలెండర్‌కూ అంత ఘనత ఎందుకు కట్టబెట్టాలి? ఈ మాటలో నిజం లేకపోలేదు. తోటలో నేల మంచిది కాకపోతే ఏ విత్తనమూ మొలవదు. రాద్జివిల్ కుటుంబానికి సంత సుంకాల మీద కన్ను లేకపోతే యూదు వర్తకులకు అంత సదుపాయం ఇచ్చేవారూ కాదు. కానీ అలాంటి నల్లరేగడి, అలాంటి దారులు, అలాంటి జమీందారులు ద్నీప్రో నది కుడిగట్టు ఉక్రెయిన్‌లో డజన్ల ఊళ్లకు ఉన్నాయి. అవి సామాన్య పల్లెలుగానే ఉండిపోయాయి. బెర్దిచివ్‌కు అదనంగా ఉన్నది, ఏటా కచ్చితంగా ఫలానా తేదీకి వేలమందిని రప్పించే ఆకర్షణ. వ్యాపారానికి నేల ఎంత ముఖ్యమో తేదీ అంత ముఖ్యం. కొనేవాడు ఎప్పుడొస్తాడో అమ్మేవాడికి ముందే తెలిసి ఉండాలి, అప్పు ఎప్పుడు తీర్చాలో ఇద్దరికీ తెలియాలి. కాలపట్టిక కుదిర్చి, దాన్ని అచ్చు వేసి, దూరప్రాంతాలకు పంపినవాళ్లు సన్యాసులు. కిరీటధారణ 1756లో, ముద్రణాలయం అనుమతి 1758లో, పది సంతల హక్కు 1765లో. ఈ మూడూ పదేళ్ల లోపు జరగడం కాకతాళీయమని ఎవరైనా అంటే అనవచ్చు. నాకైతే నమ్మబుద్ధి కాదు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైంది. ఈ కథంతా దొరలకూ వర్తకులకూ సంబంధించింది, దున్నిన రైతు ఎక్కడ? మఠం ఆ రైతుకు పరాయి మతం, పరాయి భాష. సన్యాసుల భూమి మీద పనిచేసిందీ, దొర పొలంలో వెట్టి చేసిందీ అతడే. ఉక్రెయిన్ చరిత్రకారులు క్యాథలిక్ మఠాలను పోలిష్ పెత్తనానికి పనిముట్లుగా చూడటంలో అన్యాయమేమీ లేదు. 1768లో పువాస్కీ ఈ గోడల మధ్య ఉన్న రోజుల్లోనే దక్షిణాన కొలీవ్‌ష్చినా అనే రైతు తిరుగుబాటు రగిలింది. జూన్‌లో ఉమాన్ పట్టణంలో వేలాది మంది పోలిష్ జనాన్నీ యూదులనూ ఊచకోత కోశారు. సంతలో కలిసి బేరమాడిన మనుషులు ఒకరినొకరు ప్రేమించారని నేను అనడం లేదు. సంత ఒక అవసరం. ధర దగ్గర తేడా వస్తే తిట్లు, కరువు వస్తే కత్తులు. సన్యాసులు కూడా యూదుల మీద ప్రేమతో సంతలు పెట్టలేదు. వాళ్ల ప్రసంగాలు వింటే ఆ కాలపు ద్వేషాలన్నీ వినిపించేవే. ఇక్కడ చెప్పదలచింది మంచితనం గురించి కాదు, జరిగిన పని గురించి. తమను పరాయివాళ్లుగా చూసుకునే మూడు జనాలు, ఒకరి పంట, ఒకరి పెట్టుబడి, ఒకరి పండుగ అవసరం పడి, నూటయాభై ఏళ్లు ఒకే వీధిలో లెక్కలు చూసుకున్నారు. రైతుకు దక్కింది అందులో అతి తక్కువ, అది ఒప్పుకోవలసిందే. అయినా తన పశువును, తన ధాన్యాన్ని పైకంగా మార్చుకోగల చోటు అతనికి కూడా ఇదే.

ఈ ఏర్పాటు ఒక్కసారిగా కూలలేదు. బ్యాంకులూ పెద్ద వర్తకులూ సముద్ర రేవున్న ఒదెస్సాకు తరలిపోయారు. ధాన్యం ఓడ ఎక్కే చోటే బేరం కూడా కుదరడం మొదలయ్యాక, లోతట్టు సంతకు విలువ తగ్గింది. 1897 లెక్కల్లో యూదులు 41 వేలకు పైగా, అంటే జనాభాలో సుమారు 80 శాతం. 1861 కంటే సంఖ్య తగ్గింది, దరిద్రం పెరిగింది. మఠానిదీ అదే దశ. మొదటి కిరీటాలు దొంగల పాలయ్యాయి. 1854లో కొత్తవి తెచ్చి మళ్లీ కిరీటధారణ జరిపారు. 1863లో రష్యా మీద పోలిష్ తిరుగుబాటు విఫలమయ్యాక క్యాథలిక్ మఠాల మీద జార్ ప్రభుత్వం కక్ష కట్టింది. 1866లో బెర్దిచివ్ మఠాన్ని మూసేశారు. జార్ పోయాక సన్యాసులు తిరిగొచ్చారు. 1926లో సోవియట్ ప్రభుత్వం మళ్లీ వెళ్లగొట్టింది. ఆవరణ మ్యూజియమైంది, ఓ భాగంలో సినిమాలు ఆడించారు. అదే ప్రభుత్వం మొదట్లో యూదుల భాషను ఆదరించడం ఇంకో విచిత్రం. యిద్దిష్‌లో విచారణలు జరిపే కోర్టును ఉక్రెయిన్‌లో మొట్టమొదట, 1924లో, తెరిచింది ఈ ఊళ్లోనే. ఎక్కువకాలం నిలవలేదు. 1939 నాటికి యూదులు 23 వేల చిల్లరకు తగ్గారు. కొత్త చదువులూ ఉద్యోగాలూ వెతుక్కుంటూ పిల్లలు కీవ్, మాస్కోలకు వెళ్లిపోయారు. అలా వెళ్లినవాళ్లలో ఒకడు 1905లో ఇక్కడ పుట్టిన వసీలీ గ్రాస్‌మన్. 1934లో అతడికి రచయితగా గుర్తింపు తెచ్చిన కథకు పేరే ‘బెర్దిచివ్ పట్నంలో’. దాని ఆధారంగా 1967లో తీసిన ‘కమిసార్’ సినిమాను ప్రభుత్వం ఇరవై ఏళ్లు బయటికి రానివ్వలేదు.

1941 జూలై 7న జర్మన్ సైన్యం ఊళ్లోకి వచ్చింది. ఆగస్టులో యూదులను పేదల పేట అయిన యాత్కిలోకి తోలి ఘెట్టో పెట్టారు. సెప్టెంబర్ 15న ఊరి బయట విమానాశ్రయం దగ్గర ముందే తవ్వించిన గుంటల పక్కన నిలబెట్టి కాల్చి చంపారు. గ్రాస్‌మన్ లెక్క ప్రకారం ఆ ఒక్కరోజే 12 వేల మంది. ఫ్రెంచి భాష పంతులమ్మగా పనిచేసిన అతని తల్లి యెకతెరీనా సవేల్యెవ్నా వాళ్లలో ఉంది. చంపకుండా వదిలిన కొద్ది వేల మందిని నవంబర్ మొదట్లో కార్మెలైట్ల మఠంలోకి తోలారు. నది వైపు నిటారు గట్టు, మిగతా వైపుల ప్రాకారం. ఎవరూ తప్పించుకోలేరు. పనివాళ్లుగా అక్కరకొస్తారనుకున్న కొన్ని వందల మందిని పక్కకు తీసి, మిగతావాళ్లను అక్కడి నుంచి తీసుకెళ్లి చంపేశారు. మూడొందల ఏళ్లలో ఆ గోడలు తమ పని పక్కాగా చేసింది ఈ ఒక్కసారే. చేసింది మాత్రం లోపలివాళ్లను బయటికి పోనివ్వకుండా ఆపడం. అదే ఏడాది మంటల్లో పై చర్చి కాలిపోయింది, కిరీటాలు పెట్టుకున్న మరియమాత పటం కూడా పోయింది. జనాన్ని రప్పించిన పటమూ, వచ్చిన జనమూ ఒకే ఏడాది మాయమయ్యారు. 1944 జనవరిలో ఎర్రసైన్యం ఊరిని విడిపించింది. యుద్ధ విలేకరిగా తిరిగొచ్చిన గ్రాస్‌మన్ బతికినవాళ్ల మాటలు సేకరించి ఈ హత్యాకాండ మీద సుదీర్ఘ వ్యాసం రాశాడు. యూదుల మీద జరిగిన దారుణాలను ఒకచోట చేర్చిన ‘నల్ల పుస్తకం’లో అది భాగం. ఆ పుస్తకాన్ని సోవియట్ యూనియన్‌లో వెలుగు చూడనివ్వలేదు. తల్లికి అంకితమిచ్చిన అతని మహానవల ‘జీవితం-విధి’ రాతప్రతిని 1961లో రహస్య పోలీసులు పట్టుకుపోయారు. అది మొదట అచ్చయింది 1980లో, స్విట్జర్లాండ్‌లో, అతను పోయిన పదహారేళ్లకు. యుద్ధం తరవాత చాలా స్మారకాల మీద రాసింది ‘శాంతికాముకులైన సోవియట్ పౌరులు’ అనే. చచ్చిపోయింది యూదులన్న మాటకు దశాబ్దాల పాటు చోటు లేకపోయింది.

కాబట్టి మిగిలిన కట్టడం ఏం చెబుతుందో చూడాలంటే, అది చెప్పకుండా ఉండిపోయేది కూడా తెలుసుకోవాలి. రాయి నిలుస్తుంది. సంతకు రాయి ఉండదు. కొయ్య కొట్లు, గుడారాలు, బండ్లు, గుర్రాలు, అప్పు చిట్టాలు, ఇవేవీ మూడొందల ఏళ్లు ఉండవు. ఇది కట్టడాల తప్పు కాదు, చూసే మన తప్పు. దీని మీద ఇంకో ఆక్షేపణ: మరి సన్యాసులను తప్పుపడుతున్నట్టేనా? వాళ్లనూ 1866లో ఒకరు, 1926లో ఇంకొకరు వెళ్లగొట్టారు కదా, వాళ్ల భక్తుల్లో ఎందరినో స్టాలిన్ దూరప్రాంతాలకు పంపాడు కదా? నిజమే, తప్పుపట్టే ఉద్దేశం లేదు. 1991లో ఉక్రెయిన్ స్వతంత్రమయ్యాక శిథిలావస్థలో ఉన్న మఠాన్ని కార్మెలైట్లకు తిరిగి ఇచ్చారు. వాళ్లు ఓపిగ్గా మరమ్మతు చేసుకుంటూ వచ్చారు. పాతదాన్ని పోలిన కొత్త పటం గీయించారు, పోప్ రెండో జాన్ పాల్ ఆశీర్వదించిన కిరీటాలను 1998 జూలైలో దానికి పెట్టారు. 2011లో ఉక్రెయిన్ క్యాథలిక్ బిషప్పులు ఈ స్థలాన్ని దేశం మొత్తానికి పుణ్యక్షేత్రంగా ప్రకటించారు. ఆవరణలో 2008 నుంచి కాన్రాడ్ మ్యూజియం కూడా ఉంది. ఇవన్నీ న్యాయమైన పనులే. నా అభ్యంతరమల్లా ఈ కట్టడాన్ని ‘అజేయ దుర్గం’గా చూపించే అలవాటు మీద. అజేయమని ఎవరైనా అంటే 1648నూ 1768నూ 1941నూ అడగాలి. వీరగాథ కంటే అచ్చు యంత్రం గొప్పదని, తుపాకీ బురుజు కంటే సంత తేదీల జాబితా ఎక్కువ మందికి అన్నం పెట్టిందని ఆ మ్యూజియం గోడ మీద రాస్తే ఎవరి గౌరవానికీ లోటు రాదు.

ఇప్పటికీ ఊరికి యాత్రికులు వస్తారు, రెండు వైపుల నుంచి. జూలైలో క్యాథలిక్కులు, కొందరు చాలా దూరం నడిచి, మరియమాత దగ్గరికి వస్తారు. లెవీ యిత్స్‌హాక్ సమాధి దర్శనానికి హసీదీ యూదులు వేరే వేరే దేశాల నుంచి బస్సుల్లో వచ్చి, ప్రార్థన చేసుకుని, ఉమాన్, మెజిబిజ్ లాంటి తమ ఇతర పుణ్యక్షేత్రాలకు వెళ్లిపోతారు. ఊళ్లో మిగిలిన యూదులు కొద్ది వందలే. మఠం గేటు నుంచి యూదుల శ్మశానానికి పెద్ద దూరం లేదు. అయినా ఈ రెండు గుంపులకూ ఒకరితో ఒకరికి పని పడదు. కొనేదీ లేదు, అమ్మేదీ లేదు, తీర్చాల్సిన బాకీ అంతకంటే లేదు. 18వ శతాబ్దంలోనైతే ఇద్దరి గుర్రాలూ ఒకే పాకలో కట్టేసి ఉండేవి, ఆ పాక అద్దె దగ్గరైనా ఇద్దరికీ మాటలు నడిచేవి.